కాలువ కట్టేసిన ఈ నెల రోజులు

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు నమస్కారం.

కాలువకు నీళ్లు ఆపి కట్టేశారు కదా, వస్తూ వస్తూ లాకుల దగ్గర ఆగాను. నీళ్లున్నన్నాళ్లూ కనపడనివన్నీ బయటపడ్డాయి. పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, మేత సంచుల పీలికలు, తెగిన నైలాన్ వలలు, థర్మాకోల్ పెట్టెల ముక్కలు. గట్టు మీద ఎండకు పెళుసెక్కిన సంచి ఒకటి పట్టుకుంటే నా చేతిలోనే పొడి పొడిగా రాలిపోయింది. ఆ పొడి గురించి చెబుదామనే వచ్చాను.

5 మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్ ముక్కను మైక్రోప్లాస్టిక్ అంటారు. 2004లో బ్రిటన్ శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్ బృందం రాసిన వ్యాసంతో ఈ మాట వాడుకలోకి వచ్చింది. ప్లాస్టిక్ మట్టిలో కలిసిపోదు, చిన్నదవుతూ పోతుంది, అంతే. మనం రేవులో పాలిస్టర్ చీర ఉతికినప్పుడల్లా కంటికి ఆనని పోగులు ఊడి నీళ్లలో కలుస్తాయి.

మన చేపల చెరువుల్లో కట్ల పైనీటిలో, శీలావతి నడిమి నీటిలో, మోసు అడుగు బురదలో మేస్తాయని రైతులకు నేను చెప్పక్కర్లేదు. ఒకే చెరువులో మూడూ కలిపి వేసేది అందుకే. ప్లాస్టిక్ కూడా అలాగే మూడు చోట్లా ఉంటుంది. పాలిథీన్ సంచి ముక్క తేలుతుంది. సీసా ముక్క, నైలాన్ పోగు మునుగుతాయి. తేలేదానికి నాచు పడితే బరువెక్కి అదీ కిందికి దిగుతుంది, పైగా నాచు వాసనకు చేప దాన్ని మేత అనుకుంటుంది. కట్ల తినే నీటిపురుగులు కూడా వీటిని మింగుతాయి. కాబట్టి చేప నేరుగా మింగకపోయినా దాని పొట్టలోకి చేరుతుంది.

చేరాక ఏమవుతుంది? ప్రయోగశాలల్లో పెంచిన చేపల్లో పేగు లోపలి పొర వాచడం, మేత తగ్గడం, ఎదుగుదల మందగించడం చూశారు. ఆ ప్రయోగాల్లో చాలావాటిలో నదిలో ఉండేదానికంటే ఎక్కువ ప్లాస్టిక్ వాడారన్నది కూడా చెప్పాలి. ప్లాస్టిక్‌ను మెత్తగా చేయడానికి కలిపే థాలేట్ల వంటి రసాయనాలు హార్మోన్ల పనిని చెడగొడతాయి. నీటిలోని పురుగుమందులూ ఆ ముక్కలను అంటుకుంటాయి. మన చేల నీళ్లు ఏ మురుగు కాలువలోకి దిగుతాయో మీకు తెలుసు.

మన ఒంట్లో సంగతికొస్తే, 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ కనిపించింది. 2024లో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళాల్లోంచి తీసిన కొవ్వు పూడికలో ప్లాస్టిక్ ఉన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువని గమనించారు. ప్లాస్టిక్ వల్లే అలా జరిగిందని ఇంకా తేలలేదు. అది చేప నుంచే వచ్చిందనీ కాదు, మంచినీళ్లలోంచి, గాలిలోంచి కూడా వస్తుంది. మన మంచినీళ్ల చెరువు నిండేది ఈ కాలువ నుంచేనమ్మా.

చేప తినడం మానొద్దు. పిల్లలకు అంత బలమైన తిండి ఇంకొకటి ఈ ధరలో దొరకదు. ఈ ముక్కలు ఎక్కువగా ఉండేది పేగుల్లో. పెద్ద చేపకు పేగులు ఎలాగూ తీసేస్తాం. నాకు దిగులంతా చిత్తపరిగెల మీదే. కూలికి వెళ్లొచ్చి, పొద్దుపోయాక వండుకునే ఇంట్లో అంత చిన్న చేపలకు పొట్ట తీసే తీరిక ఎక్కడిది? అయినా గోటితో పొట్ట గిల్లి, పిండి, రెండు మూడు నీళ్లలో కడగండి. రొయ్యకు వీపు మీది నల్ల నరం లాగేయండి.

జూన్‌లో నీళ్లు వదిలితే ఈ చెత్తంతా కొట్టుకుపోయి కొంత చేలల్లోకి, కొంత సముద్రంలోకి చేరుతుంది. ఆలోగా తీసేయాలి. ఆదివారం పొద్దున్నే ఆరింటికి వంతెన దగ్గరకు రండి. గోతాలు, కొడవళ్లు తెచ్చుకోండి, గాజుపెంకులుంటాయి కాబట్టి చెప్పులు వేసుకునే దిగండి. ఏరినదాన్ని గట్టు మీద తగలబెట్టొద్దు, ఆ పొగ ముందు మన ఇళ్లలోకే వస్తుంది. ట్రాక్టర్‌కెత్తి పంపిద్దాం. నేను ఐదున్నరకే అక్కడ ఉంటాను.