చీటీ లేని పురుగు

సభకు నమస్కారం. అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో పాతపట్నం నుంచి బస్సెక్కి వచ్చిన మిత్రులకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు పేరుపేరునా వందనాలు. పర్లాకిమిడిలో తెలుగులో మాట్లాడే అవకాశం ఇచ్చిన నిర్వాహకులకు మరీ మరీ కృతజ్ఞతలు. కర్ర తొలిచే పెంకు పురుగుల్లో ఉపజాతులను, అంటే ఒకే జాతిలో ప్రాంతాన్ని బట్టి తేడా చూపే గుంపులను, ఎలా గుర్తిస్తారో చెప్పమన్నారు.

జీడితోటలున్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మొదలు దగ్గర బెరడు పగిలి, బంకా రంపపు పొట్టూ కలిసి కారుతుంటే లోపల ఏముందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇనప ఊచతో కెలికితే లావుపాటి తెల్లటి లార్వా బయటికొస్తుంది. అది నియోప్లొసెడెరస్ ఫెర్రుజీనియస్. మామిడిని తొలిచేది బాటోసెరా రుఫోమాకులేటా. కొరాపుట్ కాఫీని పీడించేది జైలోట్రెకస్ క్వాడ్రిపెస్. జాతికి రెండు మాటల పేరు. ఉపజాతి అయితే మూడో మాట చేరుతుంది.

ఆ మూడో మాట ఊరికే చేర్చడానికి లేదు. ఒకే జాతి వేర్వేరు ప్రాంతాల్లో ఉండాలి, ఒకచోటి పురుగుల్లో నూటికి 75 అయినా రెండోచోటివాటి నుంచి విడిగా తేలాలి అని చాలామంది పాటించే లెక్క. సైజు చూసి మోసపోకూడదు. లార్వాకు మంచి కర్ర దొరికితే పురుగు పెద్దదవుతుంది, లేకపోతే చిన్నదిగానే మిగులుతుంది. అందుకే మీసాల కణుపులు, మెడ పలక ముళ్లు, రెక్క పెంకుల మీది గుంటలు, మగదాని జననాంగాలు చూస్తారు. ఇవన్నీ చూశాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: ఇది ఎక్కడిది?

ఇక్కడ నా బాధ చెప్పుకోవాలి. నేను ఉద్యోగం చేసిన ఒక కాలేజీలో పిల్లలు పట్టి తెచ్చిన పురుగుల పెట్టెలుండేవి. ప్రతి సూది కింద, ఆ పురుగును ఎక్కడ, ఎప్పుడు పట్టారో రాసిన గోరంత చీటీ. తనిఖీ వస్తోందని, నేను సెలవులో ఉండగా, పురుగులన్నిటినీ అద్దాల ఫ్రేములో పువ్వులా అతికించేశారు. చీటీలు కాల్చేశారు! అడిగితే "పసుపెక్కి అసహ్యంగా ఉన్నాయి సార్" అన్నారు. మహేంద్రగిరి మీద పట్టిన బాటోసెరా ఏది, సోంపేట మామిడితోటలోది ఏది? ఇక ఎవరు చెప్పగలరు? కొండమీదివీ తీరంలోవీ ఒకటేనా కాదా అని పోల్చాలంటే ఏం పెట్టుకుని పోల్చాలి?

చీటీ ఉన్నా చాలదండీ. ఉత్త "గంజాం" అని ఉంటే ఏమనుకోవాలి? 1936 ఏప్రిల్ 1కి ముందు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి అందులోవే. ఒడిశా ఏర్పడ్డాక అవి మద్రాసు వైపు, మనం ఒడిశా వైపు. 1992లో గంజాం నుంచి మన గజపతి జిల్లా విడిపోయింది. పురుగుకు ఈ సరిహద్దులతో పని లేదు, చీటీ చదివేవాడికి ఉంది.

పిల్లలూ, "పర్లాకిమిడి దగ్గర" అని రాయకండి. ఊరు, తోట, ఎత్తు, చెట్టు, తేదీ, పట్టినవాళ్ల పేరు రాయండి. పెన్సిల్‌తో రాయండి, పురుగుల్ని నిలవుంచే స్పిరిట్‌లో పెన్ను సిరా కరిగిపోతుంది. ప్రిన్సిపాల్ గారూ, బయట బల్ల మీద చీటీల్లేని పెట్టె ఒకటి చూశాను. ఆ పురుగుల్ని పట్టిన అబ్బాయిలు మూడో వరసలో ఉన్నారు. సభ అయ్యాక వాళ్లను ఇంటికి పంపకండి, ముందు ఆ చీటీలు రాయించండి.