డ్యూటీ చేస్తూనే చదువు

శ్రోతలకు నమస్కారం.

ఫ్యాక్టరీ నర్సు అనగానే వేలు తెగితే కట్టు కట్టే మనిషే చాలామందికి గుర్తొస్తారు. కానీ అసలు పని జబ్బు ముదరకముందే పసిగట్టడం. ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో కోల్మన్ కంపెనీ 1878లోనే ఫిలిప్పా ఫ్లవర్‌డే అనే నర్సును నియమించుకుంది. జబ్బుపడ్డ కార్మికులను ఆవిడ ఇళ్లకే వెళ్లి చూసేవారు. ఇప్పుడు దుమ్ము, రసాయనాలు, మోత, నైట్ షిఫ్టులు అన్నీ నర్సు చూడాల్సినవే. మామూలు నర్సింగ్ కోర్సులో వీటికి దక్కే చోటు తక్కువ.

మరి చదువుకుందామంటే, చాలాచోట్ల ఉన్నది ఒక్క నర్సే. ఆవిడ ఏడాది సెలవు పెడితే ఆ గది తలుపు మూతే. అందుకే దూరవిద్య.

దీన్ని రెండో రకం చదువుగా చూసేవాళ్లున్నారు. నేనొప్పుకోను. వినికిడి పరీక్ష సంగతే చూడండి. యంత్రాల మోతకు చెవి దెబ్బతింటే గ్రాఫులో మొదట 4000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి జారుతుంది. అప్పటికి ఎదుటివాళ్ల మాటలు బాగానే వినిపిస్తుంటాయి కనుక కార్మికుడికి అనుమానమే రాదు. ఉద్యోగంలో చేరినప్పుడు చేసే తొలి పరీక్షకు ముందు కనీసం 14 గంటలు మోతకు దూరంగా ఉండాలని అమెరికా నిబంధన. ఈ పాఠం ఆదివారం విన్న నర్సు సోమవారం పాత రికార్డులు తిరగేస్తారు. షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్లకు చేసిన పరీక్షలు అక్కడే బయటపడతాయి. క్లాసులో కూర్చున్నవాళ్లకు ఈ అవకాశం ఎక్కడిది?

అయితే అన్నీ వీడియోలో రావు. ఊపిరితిత్తుల పరీక్షలో మనిషి పూర్తిగా ఊదాడా, మధ్యలో ఆపేశాడా, పెదవుల పక్కనుంచి గాలి పోయిందా అన్నది పక్కన నిలబడి చూస్తేనే పట్టుబడుతుంది. నాలుగు రోజులైనా చేత్తో చేయించని కోర్సుకు డబ్బు కట్టకండి.

ఇంకో మాట. అసైన్‌మెంటులో కార్మికుడి పేరు తీసేస్తే సరిపోదు. 'బాయిలర్ దగ్గర పనిచేసే ఒకే ఒక్క మహిళ' అని రాస్తే ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

ప్రకటనల్లో అందరూ 'ఫ్లెక్సిబుల్' అనే రాస్తారు. రోజూ సాయంత్రం ఏడింటికి లైవ్ క్లాసు పెట్టి, హాజరు తప్పనిసరంటే సెకండ్ షిఫ్టు నర్సు ఏం చేయాలి? షిఫ్టు మారితే గడువు జరుపుతారా, రికార్డింగ్ ఇస్తారా అని చేరేముందే అడగండి. యాజమాన్యాన్నీ అడగాలి, వారానికి రెండు గంటలు డ్యూటీలోనే చదువుకోనివ్వమని. లేకపోతే తెగేది నిద్రే. నిద్రలేమి ప్రమాదకరమని కార్మికులకు చెప్పాల్సిన మనిషి, ఆ పాఠాన్నే అర్ధరాత్రి కళ్లు నులుముకుంటూ చదవాల్సి వస్తుంది.

నమస్కారం.