చువ్వ, గోనె తాడు, ఇసుర్రాయి

అందరికీ నమస్తే. మైకు వినబడుతోందా? సరే. వెనక కూర్చున్నవాళ్లకి ఈ బల్ల పక్కన నిలబెట్టింది కనబడకపోతే ఇప్పుడే ముందుకు వచ్చేయండి, ఎందుకంటే ఇవాళ నేను మాట్లాడబోయేదంతా దీని గురించే. ఎత్తు 5 అడుగులు. ఇందులో ఉన్నవి మూడే: ఇల్లు కట్టే చోట మిగిలిపోయిన 6 ఎం.ఎం. ఇనుప చువ్వలు, గోనె తాడు, కింద మా ఇంటి పాత ఇసుర్రాయి. కట్లు కట్టింది బైండింగ్ వైరుతో. ఇద్దరు కలిసి సినిమాకి వెళ్లొస్తే అయ్యేంత ఖర్చు కూడా కాలేదు. టైము మాత్రం 14 నెలలు పట్టింది.

దీన్ని ఇక్కడికి తెస్తుంటే ఆటో అతను అడిగాడు, "ఏంటి సార్ ఇది?" అని. శిల్పం అన్నాను. అద్దంలో ఇంకోసారి చూసి, "ఇంకా పని ఉందా సార్?" అన్నాడు. ఉంది. ఆ సంగతి చివర్లో చెప్తాను.

మొదలు పెట్టింది మా అమ్మ నడకతో. మాది జనగామ వైపు, నేను చిన్నప్పుడు మా వాడంతటికీ ఒకటే బోరింగు, అమ్మ నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని వచ్చేది. చంకన బిందె ఉన్నప్పుడు మనిషి నిటారుగా నడవలేదు, నడుము ఒక పక్కకి వెళ్తుంది, భుజం ఇంకో పక్కకి, తల మాత్రం పైన బిందె కోసం కదలకుండా ఉండాలి. ఆ వంపు నాకు బాగా గుర్తు. అమ్మ ముఖం, చీర, దారి ఇవేవీ కాదు, ఆ వంపు ఒక్కటే చెయ్యాలి అనుకున్నాను.

అనుకున్నాను గానీ చెయ్యలేదు. మొదటి నమూనా అడుగు ఎత్తులో, 18 గేజి బైండింగ్ వైరుతో వంచాను. 18 గేజి అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం, చేత్తో వంగుతుంది, వంచాక అలాగే నిలబడుతుంది, నమూనాలకి ఇంతకంటే మంచి సరుకు లేదు. ఓ సాయంత్రం కూర్చుంటే అయిపోయింది. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. పిల్లలు ఆడుకునే ఇత్తడి సామానులోంచి ఒక బుల్లి బిందె తీసి పైన తగిలించాను. ఇక ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "అబ్బ, నీళ్ల బిందె మోస్తున్న ఆడమనిషి, ఎంత బాగుందో" అన్నారు. మెచ్చుకుంటున్నారు కదా అని ఓ వారం సంతోషంగానే ఉన్నాను. తర్వాత గమనించింది ఏమిటంటే, బిందె అన్న మాట నోట్లోంచి రాగానే వాళ్ల కళ్లు ఆగిపోతున్నాయి. పేరు దొరికింది, చూడటం అయిపోయింది. ఆ వంపుని ఎవరూ చూడలేదు.

రోజూ వాడే వస్తువులతో నైరూప్య శిల్పం, అంటే ఫలానా వస్తువు అని పేరు పెట్టలేని అబ్‌స్ట్రాక్ట్ ఆకారం, చేసేవాళ్లకి అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. మట్టికి, పాలరాయికి ఏ పేరూ అంటుకుని ఉండదు. గరిటెకి ఉంటుంది. చీపురుకి, సైకిల్ చక్రానికి, చాయ్ గ్లాసుకి ఉంటుంది. ఆ పేరు ఊడగొట్టాలి, అదే మీరు చేసే పనిలో సగం. ఎలాగంటే మన బతుకమ్మని చూడండి. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా పేర్చుకుంటూ, పైకి పోయేకొద్దీ చుట్టు తగ్గించుకుంటూ వెళ్తారు. పూర్తయ్యాక అందులో ఎవరికైనా విడి గునుగు పువ్వు కనబడుతుందా? ఒక రంగు పట్టీ కనబడుతుంది, కింద వెడల్పు, పైన సన్నం, గోపురం లాంటి ఒక ఆకారం. పేర్చేటప్పుడు ఒక పక్కకి ఒరిగితే మా అత్తలు రెండు వరసలు పీకేసి మళ్లీ పేర్చేవాళ్లు, దాన్ని రివిజన్ అంటారని వాళ్లకి తెలియదు, అంతే. ఆర్ట్ కాలేజీలో నేను చేరకముందే నాకు ఈ చదువు అయిపోయింది, అక్కడ గుర్తుపట్టడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

పికాసో 1942లో చేసిన ఎద్దు తల మీలో చాలామంది ఫొటోలో చూసే ఉంటారు. సైకిలు సీటు, సైకిలు హ్యాండిలు, రెండే ముక్కలు. నాకు చాలా ఇష్టం. కానీ అది వేరే ఆట. అక్కడ సీటు సీటులాగా కనబడాలి, అదే చూపులో ఎద్దు ముఖంలాగా కూడా కనబడాలి, మజా అంతా ఆ రెండు పేర్ల మధ్య ఉంది. నా శిష్యులు చాలామంది దాన్ని చూసి వచ్చి, స్పానర్లతో నెమలి, స్పార్క్ ప్లగ్గులతో చీమ చేసి, సార్ అబ్‌స్ట్రాక్ట్ అంటారు. కాదు నాన్నా, అది చీమే. మంచి చీమ. ఘనాలో పుట్టి నైజీరియాలోని నసుక్కాలో పాఠాలు చెప్పిన శిల్పి ఎల్ అనట్సుయిది ఇంకో దారి. మందు సీసాల మూతల్ని చదును చేసి, మడిచి, రాగి తీగతో ఒకదానికొకటి కుడతాడు. దూరం నుంచి చూస్తే గోడ మీద జరీ బట్ట జారుతున్నట్టు ఉంటుంది, దగ్గరికి వెళ్తే మళ్లీ మూతలు. 2015లో ఇటలీలో జరిగే పెద్ద కళా ప్రదర్శన వెనిస్ బినాలేలో జీవిత సాఫల్యానికి ఆయనకి గోల్డెన్ లయన్ అనే బహుమతి ఇచ్చారు. నాకు నచ్చే విషయం ఇంకొకటి ఉంది. ఆయన వాటికి ఒకే ఆకారం అని పెట్టడు, ఎక్కడ వేలాడదీస్తే అక్కడివాళ్లు మడతలు తమకి తోచినట్టు సర్దుకోవచ్చు. అంటే మార్చడం ఆపే రోజంటూ లేదు.

పేరు లేకపోతే జనం ఎంత ఇబ్బంది పడతారో చెప్పడానికి రుమేనియాలో పుట్టిన శిల్పి బ్రాంకుసీ కథ ఒకటి ఉంది. 1926లో ఆయన చేసిన 'బర్డ్ ఇన్ స్పేస్' అనే కంచు శిల్పం ఓడలో న్యూయార్క్‌కి వచ్చింది. కళాఖండమైతే సుంకం ఉండదు. కస్టమ్స్‌వాళ్లు అటు చూసి ఇటు చూసి, రెక్కలు లేవు, ముక్కు లేదు, ఇది పక్షి ఎలా అవుతుందని, వంటింటి సామాను, ఆస్పత్రి సామాను ఉండే జాబితాలో పడేసి 40 శాతం సుంకం వేశారు. కోర్టుకెక్కితే 1928లో అది కళేనని తీర్పు వచ్చింది. మా ఆటో అతను నయం, సుంకం అడగలేదు.

సరే, నా దగ్గరికి వస్తాను. బిందె తీసేశాను. తీసేసరికి ఖాళీగా అనిపించి భయం వేసింది, భయం వేస్తే మనం ఏం చేస్తాం, ఏదో ఒకటి తగిలిస్తాం. కొబ్బరి ఈనెలు విసనకర్రలా కట్టాను, పగిలిన గాజులు, సోడా మూతలు, ఎర్ర గుడ్డ పేలిక, సైకిలు ట్యూబు కోసిన రబ్బరు. ఓ రోజు లెక్కపెడితే 11 రకాలు. అంగడి తయారైంది. అప్పుడు పెట్టుకున్న పద్ధతి ఇప్పటికీ వాడతాను: ఒక్కో వస్తువు తీసేసి ఫొటో తీస్తాను, ఒకరోజు ఆగి చూస్తాను. తీసినట్టు నాకే తెలియకపోతే అది అక్కర్లేదని అర్థం. ఫోనులోనే ఫొటోని అద్దంలో చూసినట్టు తిప్పండి, తలకిందులు చెయ్యండి, అలవాటైన కన్ను దాచిపెట్టిన తప్పులన్నీ బయటికి వస్తాయి. రాత్రి లైటు తీసేసి టార్చి వేసి గోడ మీద నీడ కూడా చూడండి, నీడలో రంగు ఉండదు, మెరుపు ఉండదు, గీత బాగుందో లేదో అదొక్కటే తేలుతుంది. 11 రకాలు రెండు నెలల్లో మూడయ్యాయి. గాజులు తీసేటప్పుడు మనసొప్పలేదు, అవి అమ్మవి. కానీ అవి ఉన్నంతసేపూ అది అమ్మ బొమ్మే.

ఇప్పుడు పాలిటెక్నిక్ నుంచి వచ్చినవాళ్లు కాస్త జాగ్రత్తగా వినండి, ఫైన్ ఆర్ట్స్‌వాళ్లు ఇంకా జాగ్రత్తగా. అడుగు నమూనాని 5 అడుగులు చేద్దామనుకున్నాను. 1.2 మిల్లీమీటర్ల తీగని 5తో గుణిస్తే 6, కాబట్టి 6 ఎం.ఎం. చువ్వ, లెక్క ఎంత ముద్దుగా కుదిరిందో చూడండి. వంచి నిలబెట్టాను. తల వాల్చేసింది. ముట్టుకుంటే చాలు, అటూ ఇటూ ఊగుతోంది. జరిగింది ఏమిటంటే, కొలతలన్నీ 5 రెట్లు చేస్తే చువ్వ అడ్డుకోత వైశాల్యం, అంటే చువ్వని అడ్డంగా కోస్తే కనబడే ముఖం, 25 రెట్లు పెరుగుతుంది, బరువు మాత్రం 125 రెట్లు. అంటే లోపలి ఇనుము ప్రతి చదరపు మిల్లీమీటరూ 5 రెట్లు ఎక్కువ మోస్తోంది. సొంత బరువుకి వాలడం 25 రెట్లు అవుతుంది. చిన్నదానిలో ఒకటిన్నర మిల్లీమీటరు వాలితే ఎవరి కంటికీ ఆనదు, పెద్దదానిలో అదే దాదాపు 4 సెంటీమీటర్లు. నమూనా ఎప్పుడూ అబద్ధం చెప్పదు గానీ, తన గురించే చెప్తుంది.

వెంటనే అందరూ చేసే పనే చేశాను, 10 ఎం.ఎం. చువ్వ తెచ్చాను. గట్టిగా నిలబడింది, కరెంటు స్తంభంలా. ప్రాణం పోయింది. టెన్షన్‌తో, కోపంతో ఆ సన్న 6 ఎం.ఎం. దాన్నే పట్టుకెళ్లి పెరట్లో ఓ మూలన ఇసుర్రాయి బొక్కలో గుచ్చి వదిలేశాను.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే చూస్తే అమ్మ దాని నడుమ్మీద తడిపిన గోనె సంచి ఆరేసింది. ఆవిడకి అదొక దండెం. ఆ తడి బరువుకి చువ్వ వంగి ఉంది, నేను 8 నెలలుగా చేత్తో వంచుతూ తెప్పించలేకపోయిన వంపు అక్కడ ఉంది! చేత్తో వంచితే ఒకచోట మోచెయ్యిలా విరుగుతుంది. బరువుకి వంగినప్పుడు అలా కాదు, బరువు ఉన్న చోటు నుంచి కింద పాతిన చోటు దాకా ఆ వంపు పరుచుకుంటూ, కిందికి వచ్చేకొద్దీ బిగుసుకుంటుంది. పైగా నేను బరువంతా తల దగ్గర ఉందనుకుంటూ వచ్చాను, నిజానికి మనిషిని వంచేది చంకన ఉన్న బిందె. "అమ్మా, అది తియ్యకే" అని అరిచి లోపలికి పరిగెత్తి, ఓ పాత అట్టపెట్టె విప్పి వెనక పెట్టి సుద్దముక్కతో ఆ గీత గీసుకున్నాను. అమ్మ నన్ను చూసిన చూపు మాత్రం ఏ శిల్పంలోనూ పెట్టలేను.

గీత దొరికింది, బలం ఎలా? అది మా వీధిలో రాడ్ బెండింగ్ చేసే మేస్త్రీ చూపించాడు. పిల్లర్‌కి ఒకే లావు కడ్డీ వెయ్యరు కదా, సన్నవి నాలుగు దూరదూరంగా పెట్టి రింగులతో కడతారు. నేను కింద మూడు చువ్వలు, నడుము దాటాక రెండు, పైన ఒకటి పెట్టాను. వంచే బలం అన్నింటికంటే ఎక్కువ పడేది అడుగున, అందుకే అక్కడ మూడు. బలం కోసం చేసిన పని, తీరా చూస్తే ఆకారాన్ని కూడా బాగుచేసింది, కిందినుంచి చూపు పైకి పోతుంటే అది సన్నబడుతూ వెళ్తుంది. చువ్వల మధ్య ఖాళీ నేను అనుకోనిది, కానీ ఇప్పుడు నాకు ఇందులో అన్నింటికంటే ఇష్టమైంది అదే. నడుము దగ్గర గోనె తాడు చుట్టాను, సంచి గుర్తుకి కాదు, అక్కడ బరువు ఉందని కంటికి తెలియాలి.

తాడు అంటే శిల్పి మృణాళినీ ముఖర్జీ పేరు చెప్పకుండా ఉండలేను. 1949లో పుట్టి 2015లో పోయారు, బరోడాలో చదివారు. మామూలు జనపనార లాంటి తాడుని రంగుల్లో అద్ది, ముడి మీద ముడి వేసి మనిషంత ఎత్తు శిల్పాలు చేశారు. ముందు బొమ్మ గీసుకోవడం, నమూనా చేసుకోవడం ఏదీ లేకుండా చేసేవారు. నేను ఇందాకటి నుంచి నమూనా నమూనా అని చెప్తున్నదానికి ఇది పూర్తిగా అడ్డం. చేతులు అంత తెలిసినవైతే నమూనా అక్కర్లేదు. నావి కావు. మీవి అవునో కాదో మీరే చూసుకోండి.

ఇక పడిపోకుండా నిలబడటం గురించి ఒక్క మాట. వాలిన శిల్పం ఏదైనా సరే, దాని గురుత్వ కేంద్రం, అంటే బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసే చోటు, దగ్గర్నుంచి దారానికి కట్టిన తూకం గుండు వదిలితే అది కింది పీఠం లోపలే పడాలి. బయట పడితే పిల్లి తగిలినా పడిపోతుంది. దీనికి అంచు దాకా వచ్చింది, అందుకే ఇంత బరువు రాయి కావాల్సి వచ్చింది.

ఆటో అతను అడిగినదానికి జవాబు కూడా ఆ రాయే. ఇసుర్రాయికి మధ్యలో బొక్క ఉంటుంది, చువ్వలు చక్కగా దిగాయి, బరువు సరిపోయింది, పని అయింది. కానీ పెద్దవాళ్లు ఎవరొచ్చినా దీని ముందు నిలబడి, "అయ్యో ఇసుర్రాయి, మా ఇంట్లోనూ ఉండేది" అని మొదలుపెట్టి వాళ్ల నాయనమ్మ దాకా వెళ్లిపోతున్నారు. బిందె తీసేసి గాజులు తీసేసి, చివరికి కింద ఒక పేరుని నేనే పాతుకున్నాను. తలకిందులుగా తిప్పి పెట్టాను, గుర్తుపట్టారు. సిమెంటు పూద్దామా అంటే, అలా దాచడం నాకు ఇష్టం లేదు. మామూలు బండరాయి పెడదామంటే బొక్క కొట్టించాలి, అదొక పని. ఉంచేద్దామా అని కూడా ఒక్కోరోజు అనిపిస్తుంది, ఇవాళ పొద్దున మాత్రం తీసెయ్యాలనే అనిపించింది.

నేను మాట్లాడటం అయిపోయింది. ఇప్పుడు అందరూ లేచి దీని చుట్టూ ఒకసారి తిరగండి, ముట్టుకోవచ్చు, వైరు కొనలు గుచ్చుకుంటాయి జాగ్రత్త. ఏది తీసెయ్యాలో చెప్పండి. కటింగ్ ప్లేయర్ నా సంచిలోనే ఉంది.