మ్యూజియం వంటింట్లో పొయ్యి వెలిగించే ముందు

నమస్కారం. మ్యూజియాల్లో, చారిత్రక కట్టడాల్లో పాతకాలపు వంట చేసి చూపించేవాళ్ల కోసం ఈ వీడియో. "రుచి చూపించొచ్చా?" అనే ప్రశ్నే అందరికీ ముందు వస్తుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టి, ఆధారాల సంగతి చూద్దాం.

ఇటలీలోని పాత రోమన్ నగరం పాంపే రొట్టెనే తీసుకోండి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు మాడి బొగ్గయిన రొట్టెలు అక్కడ దొరికాయి. గుండ్రటి రొట్టె, పైన ఎనిమిది భాగాలుగా గాట్లు. ఆకారం కళ్లముందే ఉంది. మరి పిండిలో నీళ్లెన్ని పోశారు? ఎంతసేపు పులియబెట్టారు? అది మన అంచనా. అందుకే "ఇది దొరికింది, ఇది మా అంచనా, ఇది మేం మార్చింది" అని విడివిడిగా చెప్పండి. "అచ్చం అప్పటి రుచే" అని మాత్రం అనకండి. గోధుమ రకాలు మారాయి, పొయ్యీ మారింది. పాత వంట పుస్తకాలతో ఇంకో చిక్కుంది. వాటిలో చాలావరకు కలిగినవాళ్ల వంటిళ్లవే. సామాన్యుల తిండి తెలియాలంటే జమాఖర్చుల చిట్టాలు, మాడిన గింజలు, కుండ పెంకులో ఇంకిన కొవ్వు చూడాలి.

బల్ల మీది సరుకుల్నీ ఓసారి చూసుకోండి. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న అమెరికా ఖండాల పంటలు. కొలంబస్ అక్కడికి చేరిన 1492కు ముందటి ఐరోపా వంటింట్లో టమాటా బుట్ట పెట్టారంటే, తెలిసిన సందర్శకుడు ఆ తర్వాత మీరేం చెప్పినా నమ్మడు.

ఇప్పుడు తిరగలి. నన్నడిగితే, వంటకన్నా ఇదే ఎక్కువ చెబుతుంది. సందర్శకుడి చేతికే పిడి ఇవ్వండి. గింజలు కొద్దికొద్దిగా, గుప్పెడుకు మించకుండా వేయాలి. ఎక్కువ పోస్తే పిండి రాదు, నూక వస్తుంది. రెండు నిమిషాలు తిప్పించి, రాలిన పిండి చూపించి, "ఇంటిల్లిపాదికీ రొట్టెలు కావాలంటే ఎంతసేపు తిప్పాలి? ఎవరు తిప్పేవాళ్లు?" అని అడగండి. నౌకర్లు, బానిసల ప్రస్తావన అక్కడ సహజంగా వస్తుంది. కొత్త రాయి ఇసుక రాలుస్తుంది, పైగా పదిమంది చేతులు పడిన పిండి. అది తినడానికి కాదు.

పొయ్యి గంట ముందే వెలిగించండి. చాలా వంటలకు కావలసింది మంట కాదు, నిప్పులు. సందర్శకులొచ్చే వేళకు మంటే ఎగుస్తుంటే అడుగంటడం ఖాయం. రెండు మీటర్ల దూరంలో తాడు కట్టండి. నైలాన్, పాలిస్టర్ బట్టలు వద్దు, అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా మూత పెట్టండి.

ప్రదర్శనలోని అసలు పాత్రల్లో వండకూడదు, నకళ్లలోనే వండాలి. ఆ నకలు రాగిదైతే లోపల కళాయి పూత (తగరపు పూత) చెక్కుచెదరకుండా ఉందో లేదో చూడండి. లేకపోతే పులుపుకు రాగి కరిగి తిండిలో కలుస్తుంది. సీసం కలిసిన మెరుగు వేసిన మట్టిపాత్రలు చూపించడానికే ఉంచండి.

ఇక రుచి. స్థానిక ఆహార భద్రతా నిబంధనల ప్రకారం అనుమతి ఉంటేనే పెట్టండి. వండింది 60 డిగ్రీల సెల్సియస్ పైనే వేడిగా ఉండాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది కాబట్టి, ఆ వేడిలో రెండు గంటలు దాటినది పారేయండి. గింజపప్పులు, పాలు, గుడ్లు, గోధుమ ఏవి పడ్డాయో గిన్నె ముందే రాసి పెట్టండి, అలర్జీ ఉన్నవాళ్లు అడిగేదాకా ఆగొద్దు. తినడం, వండడం రెండూ గ్యాలరీకి దూరంగా జరగాలి. రాలిన తునకల కోసం వచ్చిన పురుగులు తర్వాత తోలు, ఉన్ని, పాత పుస్తకాల మీదికి పోతాయి. అందుకే ఏ రోజు చెత్త ఆ రోజే, మూత ఉన్న డబ్బాలో, భవనం దాటించేయాలి.