కొండమీద అగ్గికి పైనుంచి కన్ను
(ఉదయగిరిలో డిగ్రీ విద్యార్థుల ఎదుట ఒక రిటైర్డ్ ఫారెస్ట్ ఉద్యోగి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీ సారు నన్ను డ్రోన్ల గురించి మాట్లాడమన్నారు. నాకు బాగా తెలిసింది అగ్గి. అక్కడినుంచే మొదలుపెడతాను.

మన వెలిగొండల్లో మాఘం దాటితే ఆకు రాలుతుంది, బోదగడ్డి ఎండుతుంది. ఎవరో బీడీ పారేస్తారు. లేదంటే కొత్త గడ్డి మొలుస్తుందని మేపుకునేవాళ్లే అంటిస్తారు. ఒక ఏడు రాత్రి ఎనిమిదప్పుడు కొండకొమ్మున ఎర్రటి గీత కనపడింది. కిందనుంచి చూస్తే అరగంట దూరం. ఎక్కడానికి మూడు గంటలు పట్టింది. తీరా చేరితే అక్కడ బూడిదే మిగిలింది, మంట అవతలి లోయలోకి దిగిపోయింది. పచ్చికొమ్మలు పట్టుకుని ఆరుగురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఆ రాత్రి మాకు కావలసింది నీళ్లు కాదు, అగ్గి ఎటు పోతోందో చెప్పేవాడు.

ఇప్పుడు ఉపగ్రహం చెప్తోంది కదా అంటారు. నిజమే, డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియానుంచి ఫోనుకే మెసేజ్ వస్తుంది. కానీ అందుకు వాడే, ఉపగ్రహంలో ఉండే వీర్స్ అనే పరికరం తీసే బొమ్మలో ఒక్కో చుక్క నేలమీద 375 మీటర్ల మేర. ఆ ఉపగ్రహం మన నెత్తిమీదికి వచ్చేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మళ్లీ రాత్రి ఒకటిన్నరకు. ఈలోపు గాలి తిరిగితే?

ఇలాంటి లోటు తీర్చడానికి అమెరికా ప్రభుత్వ సంస్థ నాసా 2007లో ఇఖానా అనే పైలట్ లేని విమానానికి వేడిని పసిగట్టే కెమెరా కట్టి కాలిఫోర్నియా మంటలమీద తిప్పింది. పొగ కమ్మినా మంట అంచు కనపడింది. ఇప్పుడు అక్కడ మంటలార్పే పనికోసం నాసాదే ఏసెరో అనే ప్రాజెక్టు నడుస్తోంది. అందులో నాకు నచ్చింది విమానం కాదు, సూట్‌కేసంత పెట్టె. చీకటి పడితే, పొగ ముసిరితే మంటలార్పే విమానాలు చాలావరకు దిగిపోవాల్సిందే, ఒకదాన్నొకటి గుద్దుకునే ప్రమాదం ఉంది కాబట్టి. ఆ పెట్టెలో కంప్యూటర్, రేడియో, చుట్టుపక్కల విమానాల సిగ్నల్ అందుకునే రిసీవర్ ఉంటాయి. గాల్లో ఎవరు ఎక్కడున్నారో తెరమీద తెలుస్తుంది. 2025 మార్చిలో కాలిఫోర్నియాలోని సాలినస్ దగ్గరి కొండల్లో పరీక్షించారు.

ఇక్కడ పెళ్లిళ్లకు డ్రోన్ ఎగరేసేవాళ్లు ఎవరన్నా ఉన్నారా? ఇది మీకే. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ తగలబడుతుంటే ఒకాయన ఊరికే చూద్దామని ఎగరేసిన డ్రోన్, కెనడానుంచి వచ్చిన నీళ్ల విమానం రెక్కకు తగిలి బొక్క పడింది. కొన్ని రోజులు ఆ విమానం నేలమీదే ఉండిపోయింది.

2024 ఏప్రిల్‌లో నైనీతాల్ అడవి కాలినప్పుడు మన వాయుసేన హెలికాప్టర్ భీమ్‌తాల్ చెరువులో పెద్ద బకెట్ ముంచి నీళ్లు పోసింది. మనకూ సోమశిల, కండలేరు ఉన్నాయి కదా అని అడుగుతారు. నాకంత నమ్మకం లేదు. మన అగ్గి ఎక్కువగా చెట్ల తలల్లో కాదు, నేలమీది ఎండుటాకులో పాకుతుంది. దాన్ని ఆపేది ఆకు ఊడ్చి తీసిన ఫైర్ లైనే. ఎక్కడ ఊడవాలో రాత్రి పదింటికి చెప్పే చిన్న డ్రోన్, వేడి కెమెరాతో, ఒక్కో ఫారెస్ట్ రేంజికి ఒకటి ఉంటే నాకు చాలు. బ్యాటరీలు మాత్రం నాలుగైదు కొనాలి, ఒక్కోటి అరగంట వస్తే గొప్ప.

తెరమీద కనపడేది వేడి మరకే. అది ఏ బండ వెనక, ఏ వాగు గట్టున అని పేరు పెట్టి చెప్పేది అడవిలో అగ్గి కాపలా కాసే వాచరే. ఆయనకు పని మాత్రం ఎండాకాలం నాలుగు నెలలే.