రోజుకి డెబ్బై రూపాయల తాబేలు

ఈ వల చూడండి. నవంబర్‌లో మడతపెట్టి చూరు కింద పడేశాం, ఇప్పుడు మే వచ్చింది. ఎలకలు కొరికిన చోట నా చెయ్యి దూరిపోతోంది.

మాది ఒడిశాలో గంజాం జిల్లా, రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, చేపల బేరానికి రెండూ. ఏటా నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఈ మొగకి 20 కిలోమీటర్ల లోపల వేట బందు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టుకోడానికి వచ్చే కాలం అది.

ముందే చెప్తున్నా, నేను తాబేలుకి ఎదురు కాదు. ఇటు సరిహద్దు దాటితే శ్రీకూర్మం, ఆ దేవుడి మీద చెయ్యెత్తుతామా? ఆ రాత్రి ఒక్కసారి చూడాలి మీరు. వెనక కాళ్ళతో ఇసక తోడుతుంది, ఒక కాలు అయ్యాక ఇంకో కాలు, మనిషి గరిటె తిప్పినంత పొందిగ్గా. వంద పైచిలుకు గుడ్లు. గుంత కప్పేసి, పైన ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ దబదబా అణుస్తుంది. కళ్ళమ్మట నీళ్ళు కారతాయి. పాపం ఏడుస్తోందనేది మా అమ్మ. అది ఒంట్లో ఉప్పు బయటికి పోవడమట. మా ఒడ్డుకొచ్చిన తాబేళ్ళు 2023లో 6 లక్షలు దాటాయి, 2024లో మూకుమ్మడిగా రానేలేదు, 2025లో దగ్గర దగ్గర 7 లక్షలు. పిల్లలు బయటికొచ్చేదాకా, నెలన్నర పాటు, కుక్కల్ని తోలేది మా కుర్రాళ్ళే.

మరి గొడవెక్కడ? లెక్కలో. వేట ఆపినందుకు ప్రభుత్వం చాన్నాళ్ళు కుటుంబానికి 7,500 రూపాయలిచ్చింది. తర్వాత 15,000 చేశారు, రెట్టింపే, కాదన్ను. కానీ నవంబర్ నుంచి మే దాకా 212 రోజులు. భాగించుకోండి. రోజుకి డెబ్బై. ఇంట్లో ఐదుగురుంటే టీ నీళ్ళకే సరి.

ఇక్కడ మా చిన్న పడవ ఒడ్డునుంటే, అక్కడ ట్రాలర్లు, అంటే పెద్ద మరపడవలు, రాత్రిపూట ఆ 20 కిలోమీటర్ల గీత దాటి వచ్చేస్తాయి. దీపాలు మాకు కనబడతాయి, కాపలా బోటుకి కనబడవు, అదేం చిత్రమో! ట్రాలర్ వలలో ఇరుక్కున్న తాబేలు పైకొచ్చి గాలి పీల్చలేక చచ్చిపోతుంది. అది తప్పించుకోడానికి వలకి ఇనుప చట్రం కడతారు, టెడ్ అంటారు. అది సరిగా వాడట్లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల్ని వద్దనేసింది. చెరువు రొయ్యకి అడ్డు లేదు. అంటే తాబేలు పోతే రొయ్య బేరం కూడా పోయినట్టే. ఇంత తెలిసీ అధికారులు చట్రం సంగతి వదిలేసి తెరచాప పడవల్నీ, చిన్న మోటార్లనీ లెక్కపెడుతూ కూర్చుంటే ఎలా?

అడిగేది పెద్దదేం కాదు. డబ్బు నవంబర్ 1కి ముందే పడాలి, వేట ఆగే రోజుకి చేతిలో ఉండాలి. రాత్రి గస్తీ బోటులో మా ఊరోళ్ళని ఇద్దర్ని ఎక్కించండి, దీపాలు మేం చూపిస్తాం.

గోపాల్‌పూర్, మర్కండి, సోనాపూర్ వాళ్ళు, ఈసారి మీ ఊళ్ళో డబ్బు ఏ నెలలో పడిందో రాయండి. నెల పేరు చాలు.