ప్రీపెయిడ్ ఫోన్‌లో ఉచిత నెట్: కట్టేదెవరు, వాడుకునేదెవరు?

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా నల్లగొండలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు, వారితో పాటు వచ్చిన తల్లిదండ్రులకు వందనాలు.

వారోత్సవాల్లో పుస్తకాల గురించి మాట్లాడమని నిర్వాహకులు పిలిస్తే, ఫోన్ నెట్ గురించి మాట్లాడతానని నేనే అడిగి అనుమతి తీసుకున్నాను. దేవరకొండ, చందంపేట వైపు బడుల్లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, పదవీ విరమణ తర్వాత రోజూ గ్రంథాలయానికి వచ్చి కూర్చోవడం అలవాటు చేసుకున్న మనిషిని నేను. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఇక్కడ నన్ను ఎక్కువసార్లు అడిగేది పుస్తకం కాదు. "సార్, జర హాట్‌స్పాట్ ఆన్ చేస్తరా, నా నెట్ అయిపోయింది" అన్నదే వారు తరచుగా అడిగే మాట.

మొన్న ఒక సాయంత్రం ఒక అమ్మాయి ఇదే మాట అడిగింది. మరునాడు పరీక్ష, హాల్ టికెట్ డౌన్‌లోడ్ కావాలి, తెర మీద గుండ్రటి గీత తిరుగుతూనే ఉంది. ఆమెది రోజుకు 1.5 జీబీ ప్లాన్. అది అయిపోగానే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుందని ప్లాన్ వివరాల్లోనే రాసి ఉంటుంది, కానీ ఆ అంకెకు అర్థం ఏమిటో మనకెవరూ చెప్పరు. 64 కిలోబిట్లు అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఆ వేగంతో 3 ఎంబీల ఫొటో ఒకటి రావాలంటే, దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చినా ఆరు నిమిషాలు దాటుతుంది. చాలా వెబ్‌సైట్లు అంతసేపు ఎదురుచూడవు, మధ్యలోనే తెగిపోతుంది. "డేటా అయిపోయినా నెట్ ఆగదు" అని ప్రకటనలో చెప్పిన మాట అబద్ధం కాదు. వాట్సాప్‌లో నాలుగు అక్షరాలు వెళ్తాయి, హాల్ టికెట్ రాదు.

నా ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చాను, పది సెకన్లలో పని అయిపోయింది. తర్వాత ఇద్దరం కలిసి ఆమె ఫోన్ సెట్టింగుల్లో డేటా వాడకం పేజీ తెరిచి చూశాం. ఆ రోజు చదువుకోసం ఆమె ఖర్చు పెట్టింది 200 ఎంబీలు కూడా లేదు. మిగిలినదంతా చుట్టాల గ్రూపుల్లో వచ్చిన వీడియోలు వాటంతట అవే దిగడానికి, ప్లే స్టోర్‌లో యాప్‌లు వాటంతట అవే అప్‌డేట్ కావడానికి పోయింది. ఆ అమ్మాయి ఒక్క వీడియో కూడా తెరిచి చూడలేదు. డబ్బు కట్టింది ఆమె, ఖర్చు పెట్టింది ఫోన్.

అందుకే "ఉచిత డేటా" అన్న మాటను ఈ సభలో కొంచెం విడమరచి చూద్దామని నా కోరిక. రీఛార్జ్ చేసినప్పుడు "రోజుకు 1.5 జీబీ ఫ్రీ" అని దుకాణంలో అంటారు, మనమూ అలాగే అంటాం. అది ఉచితం కాదు, మనం ముందుగా కట్టిన సొమ్ముకు రోజువారీగా కొలిచి ఇచ్చే సరుకు. 28 రోజులకు లెక్క వేస్తే 42 జీబీ. నెల అంటే 28 రోజులే అన్నట్టు ప్లాన్లు ఉండటం వల్ల ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు రీఛార్జ్ చేయాల్సి వస్తుంది. ఈ విషయంలో ఫిర్యాదులు వెల్లువెత్తాక, ప్రతి సంస్థా 30 రోజుల గడువుతో కనీసం ఒక ప్లానును, ప్రతి నెలా ఒకే తేదీన రీఛార్జ్ చేసుకునేలా మరొక ప్లానును ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. అలాంటి ప్లాన్లు ఉన్నాయి, అడిగితేనే చెబుతారు. అడగండి.

ఇక రోజువారీ కోటా సంగతి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద వ్యవసాయం చేసేవారికి వారబందీ అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. మన వంతు వచ్చిన రోజుల్లో నీళ్లు కట్టుకోకపోతే, వంతు అయిపోయాక ఎవరిని అడిగినా చుక్క రాదు. రోజువారీ డేటా కూడా అంతే. సాధారణంగా అర్ధరాత్రి పన్నెండు కాగానే మిగిలింది పోతుంది, కొత్తది మొదలవుతుంది. వొడాఫోన్ ఐడియా కొన్ని ప్లాన్లలో వారమంతా మిగిలిన డేటాను శని, ఆదివారాల్లో వాడుకోనిస్తుంది కానీ, అది అన్నిచోట్లా ఉన్న పద్ధతి కాదు. కనుక రేపటి పాఠాన్ని ఈ రాత్రి మిగిలిన కోటాతో దించి పెట్టుకోవడం మన చేతిలోని పని. రాత్రి పదకొండు తర్వాత మిగిలిన 600 ఎంబీలతో 480పీ నాణ్యతలో గంట పాఠం సుమారుగా దిగుతుంది. బొమ్మ అవసరం లేని పాఠాన్ని ఆడియోగా వింటే 128 కిలోబిట్ల వేగంతో గంటకు 58 ఎంబీలు చాలు. పన్నెండు దాటే దాకా మేలుకొని కొత్త కోటాతో చదివే పిల్లలు మన హాస్టళ్లలో చాలామంది ఉన్నారు. ఆ నిద్ర పోగొట్టుకోకుండానే ఈ పని సాగుతుందని వారికి నా మనవి.

వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజ్ అండ్ డేటా అనే చోట, మొబైల్ డేటా మీద ఫొటోలు, వీడియోలు, ఆడియోలు వాటంతట అవే దిగకుండా గుర్తులు తీసేయండి. ప్లే స్టోర్‌లో అప్‌డేట్లు వైఫై మీద మాత్రమే అని పెట్టండి. ఫోన్‌లో డేటా సేవర్ ఆన్ చేయండి. మీ ఇంట్లో అమ్మకూ నాన్నకూ ఈ మూడూ మీరే చేసి పెట్టండి, వారికి నేర్పించే దాకా ఆగకండి.

అసలైన ఉచిత డేటా మన జిల్లాల్లోకి ఒకసారి నిజంగానే వచ్చింది. 2016 సెప్టెంబర్ 5న జియో మొదలైనప్పుడు డిసెంబర్ 31 దాకా అన్నీ ఉచితమన్నారు, తర్వాత దాన్ని 2017 మార్చి 31 వరకు పొడిగించారు. అంతకు ముందు ఒక్క జీబీకి దాదాపు 250 రూపాయలు పెట్టి నెలంతా పొదుపుగా వాడుకున్న మనం, ఆధార్ జిరాక్సులు చేతిలో పట్టుకొని సిమ్ కోసం వరుసలు కట్టాం. ఆ ఆరేడు నెలల్లో మన ఊళ్లు ఫోన్‌లో సినిమా చూడటం నేర్చాయి, బొంబాయి, పుణేలకు వలస వెళ్లిన పాలమూరు కూలీలు ఇంటి దగ్గర వదిలిన పిల్లల ముఖాలు చూస్తూ మాట్లాడటం నేర్చారు. దాని మేలును నేను కాదనను. అలవాటు పడ్డాక వచ్చిన బిల్లును కూడా మరువను. ఎదురు నిలవలేక కొన్ని సంస్థలు మూతబడ్డాయి, మరికొన్ని కలిసిపోయాయి, చివరికి 2024 జూలైలో ప్రైవేటు సంస్థలన్నీ ఒకేసారి ధరలు పెంచినప్పుడు వెళ్లడానికి మనకు చోటు పెద్దగా మిగల్లేదు.

మరో రకం ఉచితం దానికి ముందే వచ్చింది. ఫేస్‌బుక్ సంస్థ 2015 ఫిబ్రవరిలో రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ అనే పథకాన్ని మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టింది, అందులో తెలంగాణ ఒకటి. తర్వాత దాని పేరు ఫ్రీ బేసిక్స్ అయింది. బ్యాలెన్స్ లేకపోయినా కొన్ని ఎంచిన సైట్లు తెరుచుకుంటాయి, మిగిలినవి తెరుచుకోవు. పేదవాడికి ఏమీ లేనిదాని కన్నా ఇది మేలు కదా అని వాదించినవారు ఉన్నారు, ఆ వాదనలో మంచి మనసు లేదని నేను అనను. కానీ గ్రంథాలయంలో నిలబడి ఆలోచించండి. ఎవరో ఒకరు వచ్చి, ఈ బీరువాలోని పుస్తకాలు నీకు ఉచితం, తక్కిన బీరువాల తాళాలు నా దగ్గర ఉన్నాయి, ఏ పుస్తకం ఎక్కడ పెట్టాలో నేనే చెబుతాను అంటే దాన్ని మనం గ్రంథాలయం అంటామా? దేశమంతటా లక్షల మంది ట్రాయ్‌కి ఉత్తరాలు రాశారు. 2016 ఫిబ్రవరి 8న, చూసే సైటును బట్టి వేరు వేరు ధరలు పెట్టకూడదని ట్రాయ్ నిబంధన తెచ్చింది. మీరితే రోజుకు 50 వేల రూపాయల చొప్పున 50 లక్షల వరకు జరిమానా.

వద్దని చెప్పి ఊరుకోలేదు ట్రాయ్. అదే ఏడాది డిసెంబర్ 19న మరో సిఫార్సు చేసింది. గ్రామీణ వినియోగదారులకు నెలకు 100 ఎంబీల డేటా ఉచితంగా ఇవ్వాలి, ఏ నెట్‌వర్క్ అయినా, ఏ సైటు అయినా అది చెల్లాలి, ఖర్చు పల్లెలకు ఫోన్ సౌకర్యం అందించడానికి ఉన్న సార్వత్రిక సేవా నిధి నుంచి భరించాలి అన్నది దాని సారాంశం. ఆ నిధి ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. టెలికాం సంస్థల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం దానికి జమ అవుతుంది, ఆ ఆదాయం మన రీఛార్జులే. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. ఆ సిఫార్సు సిఫార్సుగానే మిగిలిపోయింది. 100 ఎంబీలు ఈనాటి లెక్కలో చిన్నది కావచ్చు, కానీ ఒక హాల్ టికెట్, ఒక పింఛను దరఖాస్తు, పట్టాదారు పాసుపుస్తకం వివరాలు, మార్కెట్లో బత్తాయి ధర, ఇవన్నీ అందులో ఇమిడిపోతాయి. నా దృష్టిలో ఇది అమలు కాకపోవడం పెద్ద అన్యాయం.

అన్యాయం మరోవైపు కూడా ఉండేది. నాకు తెలిసిన ఒక ముసలమ్మ ఉంది, కొడుకు, కోడలు పుణేలో మట్టి పనికి వెళ్లారు. ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోన్, దానిలో నెట్ రాదు. అయినా కొడుకు ఫోన్ రావాలంటే డేటా కలిపి ఉన్న ప్లానే వేయించాల్సి వచ్చేది. "ఈ జీబీలు నాకెందుకు బిడ్డా, నాకు పిలగాని మాట ఇనబడితే చాలు" అని ఆమె దుకాణంలో అంటే, డేటా ఉచితమమ్మా అని వారు సర్దిచెప్పారు. వాడలేని వస్తువు ఎంత ఉచితంగా ఇచ్చినా, దాని ధర ఆమె పింఛనులోంచే పోయింది. 2024 డిసెంబర్ 23న ట్రాయ్ ఈ పరిస్థితిని మార్చింది. మాటలకు, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్రత్యేక రీఛార్జ్ వోచర్ ప్రతి సంస్థా ఉంచాలని, వోచర్ల గడువు 365 రోజుల వరకు ఉండవచ్చని నిబంధన తెచ్చింది. మీ ఊళ్లో బటన్ ఫోన్ వాడే పెద్దలు ఎవరున్నా ఈ సంగతి చెప్పండి. అక్కరలేని డేటాను ఆపాలన్నా, మళ్లీ కావాలన్నా 1925కు స్టాప్ అని లేదా స్టార్ట్ అని ఎస్ఎంఎస్ పంపితే చాలు.

ఇక్కడున్న యువకుల్లో కొందరికి ఇంకో దారి తెలుసునని నాకు తెలుసు. బ్యాలెన్స్ లేకపోయినా నెట్‌వర్క్ వారి రీఛార్జ్ పేజీ తెరుచుకుంటుంది, ఎందుకంటే ఆ ఒక్క చిరునామాకు లెక్క కట్టరు. ఇంజెక్టర్, టన్నెల్ అనే పేర్లతో వచ్చే యాప్‌లు మన రాకపోకలన్నింటికీ ఆ చిరునామా ముసుగు తొడిగి పంపుతాయి. అది మోసమని చెప్పడం ఒక ఎత్తు. దానికి మించి, మన ఫోన్ నుంచి నెట్‌లో వెళ్లేవన్నీ ఎక్కడో ముఖం తెలియని మనిషి సర్వర్ గుండా ప్రయాణిస్తాయి, బ్యాంకు యాప్ కూడా అదే ఫోన్‌లో ఉంటుంది. 1 జీబీ కోసం అంత పణం ఒడ్డవద్దు. పండుగలప్పుడు, ఎన్నికలప్పుడు "మూడు నెలల ఉచిత రీఛార్జ్, పది మందికి పంపండి" అంటూ తిరిగే లింకులు ఇంకా ప్రమాదం. ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చే యాప్ ఫైలు, అంటే ఏపీకే, ఇన్‌స్టాల్ చేయమంటే, ఓటీపీ చెప్పమంటే అది ఏ నెట్‌వర్క్ ఇచ్చే కానుకా కాదు. డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయండి, మొదటి గంట విలువైనది.

ఎలాంటి చిక్కూ లేని ఉచితం కొంత ఉంది. వేలాది రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ వైఫై రోజుకు మొదటి అరగంట ఉచితం. టీవీ ఉన్న ఇంట్లో రాష్ట్ర ప్రభుత్వ టీ-శాట్ నిపుణ, విద్య ఛానళ్ల పాఠాలు ఒక్క ఎంబీ ఖర్చు లేకుండా చూడవచ్చు. 2020 సెప్టెంబర్ 1 నుంచి కరోనా కాలపు పాఠాలు మన పిల్లలకు అందింది దూరదర్శన్ యాదగిరితో పాటు ఆ ఛానళ్ల ద్వారానే. డబ్బు పంపడానికి నెట్ లేకపోయినా *99# డయల్ చేస్తే పనిచేస్తుంది. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్తే పెంటలని పిలిచే చాలా చెంచు గూడేల్లో సిగ్నలే అందదు, అక్కడ ఈ మాటలేవీ పనికిరావు. ఆ సంగతి వేరుగా, ఇంకా గట్టిగా మాట్లాడవలసినది.

ఇప్పుడు మన గ్రంథాలయం దగ్గరికి వస్తాను. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్ ఉంది. ఆ సొమ్ముతోనే ఈ పుస్తకాలు, ఈ దినపత్రికలు, ఈ ఫ్యాన్లు. పేపరు కొనలేనివాడు ఇక్కడికి వచ్చి పేపరు చదువుతాడు, ఏ పేజీ చదవాలో అతనికి ఎవరూ చెప్పరు. నెట్ కూడా ఇదే పద్ధతిలో ఇవ్వాలని నేను అడుగుతున్నాను. కిరాణా కొట్టు కూడా లైసెన్సు లేకుండా వైఫై ఇచ్చే వీలు కల్పిస్తూ కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబర్ 9న పీఎం-వాణి పథకానికి ఆమోదం ఇచ్చింది. కొట్టుకు ఉన్న వీలు శాఖా గ్రంథాలయానికి ఎందుకు ఉండకూడదు?

జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వడానికి ఒక వినతిపత్రం రాసి తెచ్చాను. ప్రతి శాఖా గ్రంథాలయంలో, తెరిచి ఉన్న వేళల్లో, సభ్యత్వం ఉన్న ప్రతి పాఠకుడికీ వైఫై ఇవ్వాలని, పరీక్షల దరఖాస్తులు, హాల్ టికెట్ల కోసం ఒక ప్రింటర్ ఉంచాలని అందులో ఉంది. కాగితం ద్వారం పక్కన బల్ల మీద పెట్టాను. మొదటి సంతకం హాల్ టికెట్ కోసం వచ్చిన ఆ అమ్మాయి చేసింది, రెండోది నాది. వెళ్లేముందు చదివి, సరి అనిపిస్తే మీ సంతకం కూడా పెట్టండి. నమస్కారం.